ఎల్దమొస్తవా అన్న పాట ఎక్కడి నుంచి వచ్చింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పది నిమిషాలు మాట్లాడమన్నారు. "బడి జ్ఞాపకాలు" అని విషయం ఇచ్చారు. జ్ఞాపకాలంటే అందరివీ ఒకటే. వేపచెట్టు, గోడ దూకడం, రథసప్తమి సెలవు, ఇంద్రపుష్కరిణి గట్టు మీద కూర్చుని చేసిన ఇంపొజిషన్లు. అవన్నీ నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక్క పాట గురించే మాట్లాడతాను. ఆ పాట మీ అందరికీ తెలుసు. ఇందాక సాంస్కృతిక కార్యక్రమంలో తొమ్మిదో తరగతి పిల్లలు డాన్సు చేశారే, మీరందరూ ఈలలు వేశారే, ఆ పాటే. ఆ పిల్లలు చేసింది 2009లో వచ్చిన "మగధీర" సినిమాలో పాటకి. దాంట్లో "ఏం పిల్లడో ఎల్దమొస్తవా" అన్న మాట రాగానే వెనక వరసలో కుర్చీలు కదిలాయి. నేను చూశాను. మా బ్యాచ్ వాళ్ళే. యాభై దాటినా కాళ్ళు ఆగలేదు.

నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూనే ఒక పాత తప్పు గుర్తొచ్చింది. అది ఈ బడిలోనే చేశాను. ఈ రోజు చెప్పేద్దామని వచ్చాను.

1987. మేం తొమ్మిదో తరగతి. రథసప్తమి వెళ్ళి రెండు వారాలైంది. స్వామివారి గుడి దగ్గర తిరునాళ్ళ దుకాణాలు ఎత్తేశారుగానీ, మా జేబుల్లో బూరలు, చేతుల్లో రంగు కళ్ళద్దాలు ఇంకా ఉన్నాయి. బడి వార్షికోత్సవానికి తరగతికి ఒక ఐటెం ఇవ్వాలన్నారు. నేను క్లాసు లీడర్ని. ఏం చెయ్యాలో తోచలేదు. పదో తరగతి వాళ్ళు అప్పటికే ఒక చిరంజీవి పాట పట్టేశారు. ఇంకేం మిగిలింది మాకు?

అప్పుడు మా తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. పార్వతీపురం అవతల, కొండ దగ్గర పల్లె వాడిది. ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాడు. మాట తేడాగా ఉండేది. మనం అరసవల్లి వాళ్ళం కూడా "ఏటి", "బేగి" అనే మాట్లాడతాం. కానీ ఏడురోడ్ల కూడలికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాం కాబట్టి మేం టౌను వాళ్ళమని మాకో నమ్మకం. వాడు "నానెల్తన్ను" అంటే మేం వాడి వెనకే "నానెల్తన్ను, నానెల్తన్ను" అని వెక్కిరించేవాళ్ళం. అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనే. వాడు నవ్వేసేవాడు. ఆ నవ్వు సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఐటెం ఏమిటా అని మేం తలలు పట్టుకుని కూర్చుంటే వాడు వచ్చి, "ఒక పాట ఉంది, పాడనా?" అన్నాడు. వేపచెట్టు కింద నిలబడి పాడాడు. పాడుతూనే కాలు కదిపాడు. ముందుకు మూడడుగులు, వెనక్కి ఒకటి, నడుం దగ్గర ఒక చిన్న ఊపు. మేం చూసిన సినిమా డాన్సుల్లో అలాంటిది లేదు. తప్పెటగుళ్ళ వాళ్ళ అడుగు కొంచెం, కొండల్లో చేతులు పట్టుకుని ఆడే ధింసా కొంచెం కలిసినట్టు ఉండేది. పాడటం అయ్యేసరికి మేం పది మందిమి వాడి వెనక వరస కట్టి ఉన్నాం. ఎవరూ కట్టమనలేదు.

ఆ పాటే "ఏం పిల్లడో ఎల్దమొస్తవా".

అంతకు ముందటి ఏడాది, 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన "అర్ధరాత్రి స్వాతంత్ర్యం" వచ్చింది. దాంట్లో ఆ పాట ఉంది. మాలో కొందరు విన్నారు కూడా. "సినిమా పాటేరా" అన్నాం. వాడు తల అడ్డంగా ఊపాడు. "కాదు. సినిమాకంటే ముందే ఉంది. మా మామ పాడేవాడు. ఇది వంగపండు కట్టిన పాట. కొండల్లో గొడవ జరిగినప్పటిది" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

నాకు కొంచెం భయం వేసింది. "కొండల్లో గొడవ" అంటే మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా గొంతు తగ్గించే మాట్లాడేవారు. ఆ మాట మాస్టార్లకు తెలిస్తే మా ఐటెం పోతుందని నా బుద్ధికి తోచింది. "ఒరే, ఎవరితోనూ అనకు. సినిమా పాట అనే చెబుదాం" అన్నాను. వాడు సరే అన్నాడు. డ్రిల్లు మాస్టారు వచ్చి చూసి, "ఏ సినిమా?" అని మాత్రం అడిగారు. సినిమా పేరు చెప్పాం. "అయితే పర్వాలేదు, కానివ్వండి" అన్నారు. మాస్టారు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. మాస్టారూ, ఆ రోజు మీకు తెలిసే ఊరుకున్నారా, తెలియక ఊరుకున్నారా అన్నది నాకు ఈ రోజుకీ అనుమానమే.

వార్షికోత్సవం నాడు బల్లలు కలిపి వేదిక కట్టాం. మా అమ్మ చీరలు రెండు తెరలయ్యాయి. ఆ రోజు మా పాటకి వచ్చినన్ని చప్పట్లు ఇంక దేనికీ రాలేదు. మొదటి బహుమతి మాకే. బహుమతి ఇచ్చేటప్పుడు ముఖ్య అతిథి మైకులో అడిగారు, "ఈ పాట, ఈ అడుగులు ఎవరు నేర్పారు బాబూ?" అని.

వాడు నా పక్కనే ఉన్నాడు. నేను మైకు దగ్గరకు వెళ్ళి, "నేనేనండీ" అన్నాను.

పాట ఎక్కడిదో దాచడానికి భయం అని ఒక సాకు ఉంది. వాడి పేరు దాచడానికి ఏ సాకూ లేదు. వాడి పేరు చెబితే ఏ ప్రమాదమూ లేదు. చప్పట్లు బాగున్నాయి, అంతే. బహుమతి ఒక స్టీలు టిఫిన్ డబ్బా. మా అమ్మ మర్నాడే టౌనుకి తీసుకెళ్ళి దాని మీద నా పేరు కొట్టించింది. వాడు ఏమీ అనలేదు. పదో తరగతి అవగానే వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు.

ఇది నా తప్పు. ఇప్పుడు పాట గురించి చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. మన పిల్లలకు అన్నేళ్ళు పట్టకూడదు.

ఉద్యోగరీత్యా నేను కొన్నాళ్ళు పార్వతీపురంలో ఉన్నాను. అక్కడికి దగ్గర్లోనే పెదబొండపల్లి అనే ఊరు. వంగపండు ప్రసాదరావు 1943లో పుట్టింది అక్కడే. జననాట్యమండలితో కలిసి ఊరూరా తిరిగి పాడిన మనిషి. "ఉత్తరాంధ్ర గద్దర్" అని కూడా అనేవారు. వందల పాటలు కట్టారు. "భూమి భాగోతం" ఆడించారు. నేను ఆయన్ని ఒక బహిరంగ సభలో దూరం నుంచి చూశాను. కాళ్ళకి గజ్జెలు, గొంతులో మన యాస. రాసుకొచ్చిన కాగితం లేదు. మాట అంటూ అంటూ ఉండగానే పాట అయిపోయేది, పాట పాడుతూ ఉండగానే ఆట అయిపోయేది. మేం చిన్నప్పుడు ఏ యాసను చూసి నవ్వామో, ఆ యాసలోనే ఆయన అన్ని వేల మందిని నిలబెట్టేశారు. ఆ రోజు సభలో నిలబడి నేను సిగ్గుపడ్డాను.

"ఆ పాటలో శ్రీకాకుళం అని ఉంటుంది కదా, మరి ఆయనది విజయనగరం జిల్లా కదా" అని కొందరు అడుగుతుంటారు. చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. దానికి ముందు పార్వతీపురం, ఆ వెనక ఉన్న ఏజెన్సీ అంతా మన శ్రీకాకుళం జిల్లాలోదే. ఇప్పుడు 2022 నుంచి పార్వతీపురం మన్యం అని వేరే జిల్లా అయింది. జిల్లా పేర్లు మారాయిగానీ కొండలు అక్కడే ఉన్నాయి. పాటలో ఉన్నది ఆ పాత శ్రీకాకుళం.

ఆ కొండల్లో ఏం జరిగింది? సవరలు, జాతాపులు పండించిన పంట, ఏరుకొచ్చిన చింతపండు, కరక్కాయ, అడ్డాకు, అన్నీ షావుకారు తూకంలోకే వెళ్ళేవి. ఇచ్చిన అప్పు తీరేది కాదు. అప్పు కింద భూమి పోయేది. భూమి పోయాక అదే భూమిలో పాలేరుగా బతకాలి. వెట్టి చెయ్యాలి. దీన్ని అడగడానికి గిరిజనులు సంఘం కట్టుకున్నారు. ఆ సంఘం వెనక నిలబడ్డ ఇద్దరు ముఖ్యులు ఎవరనుకున్నారు? బడిపంతుళ్ళు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం. సత్యనారాయణ గారిని జనం సత్యం మాస్టారు అనేవారు. కొండబారిడిలో పిల్లలకు పాఠాలు చెబుతూ, వాళ్ళ అమ్మానాన్నల బాధలు విని, ఆ బాటలో వెళ్ళిన మనిషి.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దానికి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. అక్కడి నుంచి గొడవ సాయుధ పోరాటంగా మారింది. బొడ్డపాడు వైపు గుడిలో పూజలు చేసుకునే సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి ఊరూరా చెప్పాడు. జముకు అంటే తెలుసు కదా, తంత్రి లాగితే తేనెటీగలా గుయ్యిమనే వాయిద్యం. మన అమ్మమ్మలు దాని మీద ఎల్లమ్మ కథలు, పెద్దల కథలు విన్నారు. దాని మీదే ఆయన పోరాటం కథ చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయన్ని కాల్చి చంపారు. 1970 జూలై 10న సత్యం, కైలాసం చనిపోయారు. ఆ పోరాటం అక్కడితో చాలావరకు అణగిపోయింది.

ఆ దారి సరైనదా కాదా అన్నది ఈ సభలో తేల్చే విషయం కాదు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. మనలో ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పిల్లలు ఇందాక రంగురంగుల దుస్తుల్లో నవ్వుతూ డాన్సు చేసిన ఆ పల్లవి ఆ కొండల వేడిలో నుంచి పుట్టింది. "కొండకి వెళ్దాం, వస్తావా" అన్నది షికారుకి పిలుపు కాదు. తిరిగి రాకపోవచ్చని తెలిసి పిలిచిన పిలుపు. చరణాల్లో చిన్న చిన్న ప్రాణులు తమను తినేవాటి మీద తిరగబడతాయి. పిల్లల కథలాగే ఉంటుంది. అర్థమైనవాడికి ఒళ్ళు జలదరిస్తుంది.

మరి అంత బరువున్న పాట డాన్సు పాట ఎలా అయింది?

నేను పండితుణ్ణి కాదు. నాకు తోచింది చెబుతాను. తెలుగు మాస్టారు తప్పులుంటే దిద్దుతారు.

మొదటిది, ఆ మాట చూడండి. "వెళ్దాం, వస్తావా?" మన నోట్లో అది "ఎల్దమొస్తవా" అని ఒకటే మాట అయిపోతుంది. పద అనడం వేరు, నడువు అనడం వేరు. అవి ఆజ్ఞలు. ఇది ఆజ్ఞ కాదు. "నేను బయల్దేరుతున్నాను, నువ్వు తోడు వస్తావా" అని అడగడం. మన ఊళ్ళల్లో ఈ అడగడం ఎక్కడ వింటాం? రథసప్తమికి అరసవల్లి వెళ్దాం వస్తావా. పైడితల్లి సిరిమాను చూడ్డానికి ఇజినారం వెళ్దాం వస్తావా. చేలో కోతకి వెళ్దాం వస్తావా. వరసైన పిల్ల వరసైన పిల్లాణ్ణి అడిగినా ఇదే మాట, కాకపోతే కొంచెం సన్నగా అడుగుతుంది. పోరాటానికి రమ్మనడానికి వంగపండు గారు పుస్తకంలోంచి పెద్ద మాట తేలేదు. తిరునాళ్ళకి రమ్మనే మాట తీసుకున్నారు. అందుకే అది చదువు రానివాడి చెవికి కూడా ఎక్కింది.

రెండోది, అడుగు. మన జానపదం కూర్చుని వినేది కాదు. తప్పెటగుళ్ళు చూడండి, ఛాతీ మీద రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు, పాడేవాడే వాయిస్తాడు, వాయించేవాడే గెంతుతాడు. ఒకడు పాడితే పది మంది అందుకుంటారు. ఈ పాటా అంతే. ఒకడు పల్లవి అంటే మిగతావాళ్ళు అందుకోవాలి. అందుకునేటప్పుడు నోరొక్కటీ కదలడం కుదరదు, కాలు కూడా కదులుతుంది. వేపచెట్టు కింద మేం పది మందిమి ఎవరూ చెప్పకుండా వరస కట్టడానికి కారణం అదే.

అందుకని సినిమా ఆ పాటను పట్టుకున్నప్పుడు దానికి కొత్తగా డాన్సు నేర్పక్కర్లేకపోయింది. డాన్సు దాంట్లోనే ఉంది. "అర్ధరాత్రి స్వాతంత్ర్యం"లో పాట అర్థంతో సహా ఉంది. ఇరవై మూడేళ్ళ తర్వాత "మగధీర"లో కీరవాణి సంగీతంలో పిలుపు ఒక్కటే మిగిలింది, కొండ పోయింది. రామ్‌చరణ్, కాజల్ ఒకళ్ళనొకళ్ళు పిలుచుకున్నారు. పిల్లడో అన్న పిలుపుకి పిల్లో అన్న జవాబు కూడా వచ్చింది. నిజానికి తిరునాళ్ళ మాటను వంగపండు గారు కొండకి తీసుకెళ్ళారు, సినిమా దాన్ని మళ్ళీ తిరునాళ్ళకి తెచ్చేసింది. మాట వచ్చిన చోటికే వెళ్ళింది కదా అని సర్దుకోవచ్చు. కానీ మధ్యలో అది ఎక్కడెక్కడికి వెళ్ళి వచ్చిందో మరిచిపోతే మాత్రం అన్యాయం.

ఇది ఈ ఒక్క పాట కథే కాదు. 2020లో కరుణకుమార్ తీసిన "పలాస 1978" వచ్చింది. దాంట్లో రఘు కుంచె సంగీతంలో "నక్కిలీసు గొలుసు" పాట మీకు తెలుసు. కరోనా రోజుల్లో ఫోను తెరిస్తే అదే. ఊరూరా పెళ్ళి ఊరేగింపుల్లో అదే. అది కూడా మన ఉత్తరాంధ్ర పల్లెల్లో నోటి మీద తిరిగిన జానపదమే. నెక్లెస్ అనే ఇంగ్లీషు నగ మన ఊరొచ్చి నక్కిలీసు అయిందంటే, ఆ మాట ఎన్ని నోళ్ళలో నలిగి ఉండాలి! దాన్ని మొదట పాడిన ఆడమనిషి ఎవరో, ఏ చేలో పాడిందో! ఆవిడ పేరు ఏ టైటిల్స్‌లోనూ వెయ్యలేం, ఎందుకంటే ఎవరికీ అందదు. కానీ అందిన పేర్లు కూడా మనం వదిలేస్తున్నాం. నా బాధ అది.

2010లో మా మేనకోడలి పెళ్ళి. ఊరేగింపులో డీజే వాడు ఈ "మగధీర" పాట పెట్టాడు. కుర్రాళ్ళు దుమ్ము లేపుతున్నారు. మా మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన కూడా ఉపాధ్యాయులే, ఉద్యోగమంతా పార్వతీపురం వైపే చేశారు. పల్లవి వినగానే లేచి నిలబడ్డారు. "ఈ పాట ఇక్కడికెలా వచ్చింది అల్లుడుగారూ?" అని అడిగారు. సినిమాలో వచ్చిందని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా రోజుల్లో దీన్ని గట్టిగా పాడటానికి జంకేవాళ్ళం. ఇప్పుడు మైకులో వస్తోంది. సంతోషించాలో ఏడవాలో తెలీడం లేదు" అన్నారు. మళ్ళీ ఆయనే, "పోన్లెండి, పాట బతికింది" అన్నారు. ఆ రాత్రి ఆయన కాలు కూడా నెమ్మదిగా ఆడటం నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

వంగపండు గారికి 2008లో సుద్దాల హనుమంతు-జానకమ్మ పురస్కారం, 2017లో రాష్ట్ర ప్రభుత్వ కళారత్న వచ్చాయి. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. కరోనా రోజులు. ఎక్కడి వాళ్ళం అక్కడే ఉండిపోయాం. టీవీలో ఆ వార్త వస్తుంటే వెనక ఇదే పాట. నేను లేచి పాత డైరీలు వెతికి, ముగ్గుర్ని అడిగి, మా తరగతి కుర్రాడి నంబరు సంపాదించాను. ముప్పై మూడేళ్ళ తర్వాత ఫోను చేశాను.

"ఒరే, నేనురా" అన్నాను.

"తెలుసురా. ఈ రోజు నువ్వు సేస్తావనుకున్నాను" అన్నాడు.

నా నోట మాట రాలేదు. వాడు అదే యాసలో మాట్లాడుతున్నాడు, ఏమీ మార్చుకోలేదు. ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే వ్యవసాయం. జీడితోట ఉంది. మనవరాలికి పాట నేర్పుతున్నాడట. నేను టిఫిన్ డబ్బా సంగతి ఎత్తాను. క్షమించమన్నాను. ఆ రోజు మైకులో నీ పేరు చెప్పలేదురా అన్నాను.

వాడు నవ్వాడు. చిన్నప్పటి నవ్వే. కానీ ఈసారి నవ్వి ఊరుకోలేదు. "అప్పుడు బాధేసింది. లేదని సెప్పను. ఇంటికెల్లి మా అత్తకి సెప్పి ఏడిసినాను. బడి మానేత్తానన్నాను. మా అత్తే ఊరుకోబెట్టింది" అన్నాడు. తర్వాత కొంచెంసేపు ఆగి, "నా పేరు సెప్పకపోతే పోనీరా. పాట నాను కట్టింది కాదు కదా. కట్టినోడి పేరు నాను నీకు సెప్పినాను. అది కూడా సెప్పలేదు నువ్వు" అన్నాడు.

ముప్పై మూడేళ్ళూ నేను ఒక తప్పు చేశానని అనుకున్నాను. వాడు చెప్పాక తెలిసింది, చేసినవి రెండు. వాడి పేరు చప్పట్ల కోసం మింగేశాను. వంగపండు గారి పేరు భయానికి మింగేశాను. "సినిమాలో పల్లవి వాడుకున్నారే, కట్టినాయన్ని తలుచుకున్నారా" అని 2009లో మా ఇంట్లో గట్టిగా వాదించింది నేనే. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు ఉందా అని అప్పుడు ఆలోచించలేదు.

ఈ సభకి రమ్మని వాణ్ణి పిలిచాను. కోతలు ఉన్నాయి, రానన్నాడు. పోనీ సభలో నీ పేరు చెబుతానన్నాను. వద్దన్నాడు. "నా పేరెందుకు? ఆయన పేరు సెప్పు. బడి పిల్లలకి సెప్పు" అన్నాడు. అందుకే వాడి పేరు ఈ రోజు కూడా చెప్పడం లేదు. ఈసారి మాత్రం వాడు వద్దన్నాడు కాబట్టి. మా బ్యాచ్ వాళ్ళకు ఎవరో తెలుసు. భోజనాల దగ్గర చెప్పుకోండి.

టిఫిన్ డబ్బా పంపిస్తానన్నాను. "నీ పేరు కొట్టిన డబ్బాలో నానేటెట్టుకుంటాన్రా, నువ్వే ఉంచుకో, సూసినప్పుడల్లా గుర్తుంటాది" అన్నాడు. ఉంచుకున్నాను. వాడన్నట్టే గుర్తుంటోంది.

చివరగా సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన. ఈ స్వర్ణోత్సవానికి మనం బడికి బీరువాలు ఇస్తున్నాం, మంచినీళ్ళ ట్యాంకు కట్టిస్తున్నాం, పదో తరగతిలో మొదటి మార్కులకు బహుమతి పెడుతున్నాం. అన్నీ మంచివే. వాటితో పాటు పైసా ఖర్చు లేనిది ఒకటి చేద్దాం. ఇక మీదట మన బడి వార్షికోత్సవంలో పిల్లలు ఏ పాటకి డాన్సు చేసినా, మొదలుపెట్టే ముందు ఒక పిల్లో పిల్లడో మైకు దగ్గరకు వచ్చి మూడు మాటలు చెప్పాలి. ఈ పాట ఎవరు రాశారు, ఏ ఊరివారు, ఇది ఎక్కడ పుట్టింది. రాసినవారు తెలియకపోతే ఏ ప్రాంతపు జానపదమో చెప్పాలి. అడుగులు నేర్పిన పిల్లాడి పేరు తప్పకుండా చెప్పాలి. వాళ్ళు వెతుక్కోవడానికి తెలుగు మాస్టార్లు సాయం చేస్తారు. వెతికితే ఆ పిల్లలకు ఒక జిల్లా చరిత్ర తెలుస్తుంది. ఆ పాట కోసం ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలుస్తుంది. తెలిశాక డాన్సు తగ్గదు. ఇంకా బాగా చేస్తారని నా నమ్మకం.

మన స్వామి గుడిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దున్నే సూర్యకిరణాలు నేరుగా వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. చిన్నప్పుడు మబ్బు పట్టి కిరణం కనపడకపోతే, మా నాయనమ్మ, "ఎలుగు ఎక్కడికీ పోదు నాయనా, అడ్డు తియ్యాలంతే" అనేది. ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం ఈ బడి మైకు దగ్గర అడ్డుగా నిలబడింది నేను. ఈ రోజు పక్కకు తప్పుకుంటున్నాను.

ఆ పాట కట్టినవారు వంగపండు ప్రసాదరావు. ఊరు పెదబొండపల్లి. పుట్టింది పాత శ్రీకాకుళం జిల్లా కొండల పోరాటంలోంచి. మాకు అడుగులు నేర్పినవాడు మా తరగతి మిత్రుడు.

ముఖ్య అతిథిగారు 1987లో అడిగిన ప్రశ్నకు ఇదీ నా జవాబు. ఆలస్యమైంది, మన్నించాలి.

పది నిమిషాలన్నారు, ఎక్కువే తీసుకున్నాను.  భోజనాల తర్వాత డీజే ఉందట. ఆ పాట మళ్ళీ పెట్టించండి. ఈసారి నేనూ వస్తాను.